గోల్ఫ్ జీటీఐ ఇంటికొచ్చింది: డెలివరీ, రన్నింగ్-ఇన్, అనంతగిరి ఘాట్

గేర్‌లీవర్ | హైదరాబాద్

ఎట్టకేలకు బండి ఇంటికొచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, ఎరుపు రంగు. మొదటి విడతలో మన దేశానికి వచ్చిన 150 బళ్లలో ఇదొకటి. 2025 మేలో బుకింగ్ తెరిచినప్పుడు ఆన్‌లైన్‌లో జీటీఐ మీద క్విజ్ పెట్టి మరీ బుకింగ్ తీసుకున్నారు. పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు.

డెలివరీ రోజు ఏం చూడాలని ఇక్కడ చాలామంది అడుగుతుంటారు కాబట్టి ముందు ఆ సంగతి. డ్రైవింగ్ గురించి తర్వాతి పోస్టులో రాస్తాను.

రిజిస్ట్రేషన్ కాకముందే బండి చూడండి. టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) పడి, ఇన్సూరెన్స్ మీ పేరు మీద అయిపోయాక గీత కనిపిస్తే అది మీ గీతే, ఇక ఎవరితో వాదించినా లాభం లేదు. నేను షోరూమ్‌లో కాకుండా నేరుగా స్టాక్‌యార్డుకే వెళ్లి చూశాను. షోరూమ్ లైట్ల కింద ప్రతి బండీ పెళ్లికూతురిలానే కనిపిస్తుంది. పొద్దుటి ఎండలో పక్కనుంచి ఏటవాలుగా చూస్తే పాలిష్ సుడులు, రంగు తేడాలు బయటపడతాయి. ముందు బంపర్ కింది అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ టార్చ్ వేసి చూడండి. ఓడ దిగి, ట్రైలర్ ఎక్కి దిగి వచ్చిన బండి, తగిలితే అక్కడే తగులుతుంది. అద్దం కింది మూలనున్న ఛాసిస్ నంబరు, ఇన్వాయిస్, ఫారం 22 (కంపెనీ ఇచ్చే రోడ్డు యోగ్యత పత్రం) మూడింట్లో ఒకటేనా చూసుకోండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నాలుగు టైర్లూ దాదాపు ఒకే కాలంవి ఉండాలి.

నాకు దొరికింది ఒక్కటే, కుడి వెనక అల్లాయ్ అంచున వేలిగోరంత గీత. కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాకే మిగతా డబ్బు కట్టాను. వీల్ మార్చి ఇచ్చారు.

అక్కణ్ణుంచి నేరుగా జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికి. పంతులుగారు బానెట్ మీద పసుపు, కుంకుమ తడిపి స్వస్తిక్ వేయబోతుంటే నాన్న ముందే ఒక తమలపాకు పెట్టి "దీని మీద వేయండి" అన్నారు. ఆయన మారుతి 800 బానెట్ మీద పడిన మరక పన్నెండేళ్లు పోలేదు లెండి. నిమ్మకాయలు తొక్కించాం, గుమ్మడికాయ కొట్టాం. తీరా బయల్దేరాక స్క్రీన్ మీద ముందు సెన్సార్ పనిచేయట్లేదని హెచ్చరిక. గుండె జారిపోయింది. చూస్తే ఏముంది, గ్రిల్‌కి కట్టిన బంతిపూల దండ రాడార్‌కి అడ్డం వచ్చింది. దండ తీసి లోపల అద్దం దగ్గర వేస్తే హెచ్చరిక పోయింది. అడాస్ (రాడార్, కెమెరాలతో డ్రైవర్‌కి సాయపడే వ్యవస్థ) ఉన్న బండి కొనేవాళ్లు దండ ఎక్కడ కట్టాలో ముందే చూసుకోండి.

ఈఎంఐ_బాధితుడు | సికింద్రాబాద్

కంగ్రాట్స్ బ్రో. ముందుగా చెప్తున్నా, కుళ్లుతో అనట్లేదు. 2025లో లాంచ్ అయినప్పుడు ఎక్స్-షోరూమ్ 53 లక్షలు. మన లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే రోడ్డు మీదికి వచ్చేసరికి 65 దాటుతుంది. ఆ డబ్బుకి ఇంకొన్ని లక్షలు కలిపితే బీఎండబ్ల్యూ ఎం340ఐ వస్తుంది కదా? ఆరు సిలిండర్లు, 374 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ డ్రైవ్, 0-100 కి 4.4 సెకన్లు. చెన్నైలోనే తయారవుతుంది. నువ్వు కొన్నది నాలుగు సిలిండర్ల ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్. మా వీధిలో వాళ్లకి చూపిస్తే "పోలో కొత్త మోడలా" అంటారు.

బెజవాడ_పోలో | విజయవాడ

@ఈఎంఐ_బాధితుడు నువ్వన్న ఆ మాట 2016 నుంచీ వింటున్నా తమ్ముడూ. నా దగ్గరున్నది అప్పుడొచ్చిన పోలో జీటీఐ. మూడు తలుపులు, 1.8 లీటర్ టర్బో, 192 పీఎస్. దేశానికి తెచ్చింది 99 మాత్రమే. 26 లక్షలకి మూడు తలుపుల పోలో కొన్నావా అని మా బావమరిది ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. తర్వాత రేటు 20 లక్షల దాకా దించినా జనం ఎగబడలేదు. ఇప్పుడు అమ్ముతావా అని ఫోన్లు వస్తుంటాయి.

ధర సంగతికొస్తే, ఇది పూర్తిగా తయారై ఓడలో వచ్చే బండి. సుంకం, దాని మీద జీఎస్టీ, మళ్లీ ఆ మొత్తం మీద మన లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో 2022లోనే 20 లక్షలు దాటిన కార్లకి 18 శాతం చేశారు. అంటే కారు ధరలో సగం మనం కొనేది కారు కాదు, రశీదులు.

జీటీఐ అంటే మొదట్నుంచీ అంతే. 1975 ఫ్రాంక్‌ఫర్ట్ షోలో చూపించి 1976లో అమ్మకానికి పెట్టినప్పుడు 1.6 లీటర్ ఇంజన్, 110 హార్స్‌పవర్. 5,000 బళ్లు అమ్ముడైతే గొప్ప అనుకున్నారు. సరుకులు తెచ్చుకునే కుటుంబం కారులోనే సరదా పెట్టడం దాని పద్ధతి. ఆ సీట్ల గళ్ల గుడ్డ, గోల్ఫ్ బంతి గేర్ నాబ్ అప్పట్లో గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే డిజైనర్ ఆలోచన.

గేర్‌లీవర్ | హైదరాబాద్

@ఈఎంఐ_బాధితుడు ఎం340ఐ నడిపే వచ్చాను బ్రో. దాని ఇంజన్ ముందు ఇది దిగదుడుపే, అందులో వాదనే లేదు. కానీ ఆ బండి సంతోషపెట్టేది నూట నలభై దాటాక. మన రోడ్ల మీద నేను రోజూ నలభైకీ ఎనభైకీ మధ్యే ఉంటాను. ఆ మధ్యలో ఏ బండి నవ్విస్తుందో చూసుకున్నాను. బడ్జెట్ కూడా కారణమే, అబద్ధం ఎందుకు.

ఇక ఊళ్లో నడిపిన అనుభవం. ఇంజన్ 1984 సీసీ, 265 పీఎస్, 370 ఎన్ఎం. ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), ఆయిల్‌లో మునిగి చల్లబడే వెట్ క్లచ్ రకం. పాత డ్రై క్లచ్ డీఎస్‌జీలతో ట్రాఫిక్‌లో పడ్డ తిప్పలు తెలిసినవాళ్లు ఈ ఒక్క విషయం గమనించండి. గచ్చిబౌలి నుంచి బయోడైవర్సిటీ జంక్షన్ దాకా సాయంత్రం ఆరింటికి పాక్కుంటూ వెళ్లాను, ఎక్కడా కుదుపు లేదు. కంఫర్ట్ మోడ్‌లో ఇది మా ఆవిడ కూడా "మామూలు కారే కదా" అనుకునే బండి. టార్క్ 1,600 ఆర్‌పీఎం నుంచే ఉంటుంది కాబట్టి కాలు కొంచెం ఆనిస్తే చాలు, ముందున్న ఖాళీ అయిపోతుంది.

నచ్చనిది రైడ్. మొదటి రెండు రోజులూ ఎగిరెగిరి పడింది. ప్యాచ్ వేసిన ప్రతి చోటా నడుం దాకా తెలిసేది. పక్క గోడ పొట్టిగా ఉండే 40 ప్రొఫైల్ టైర్లు కదా, ఇంతే కాబోలని సరిపెట్టుకుంటుంటే మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన గాలి చూశావా అన్నారు. ఇంట్లో ఉన్న గేజ్‌తో పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూస్తే స్టిక్కర్ మీద ఉన్నదానికంటే చాలా ఎక్కువ. రవాణాలో టైరు ఒకేచోట నొక్కుకుపోకుండా గాలి ఎక్కువ కొట్టి పంపుతారు. డెలివరీకి ముందు షోరూమ్‌లో దించాలి, దించలేదు. సరిచేశాక వేరే బండి ఎక్కినట్టుంది. గట్టిగానే ఉంది కానీ కొట్టడం లేదు. గుంతలో దిగితే ఒక్కసారి దిగి నిలబడుతుంది, రెండోసారి ఊగదు.

స్పీడ్ బ్రేకర్లంటే మాత్రం భయమే. మా కాలనీ గేటు దగ్గర ఎవరో సిమెంటుతో పోసుకున్న గుట్ట ఒకటుంది. దాన్ని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటాలి. వెనక ఆటోవాడి హారన్ ఉచితం.

స్టీరింగ్ మీద మళ్లీ నిజమైన బటన్లు పెట్టారు. అంతకుముందు మోడల్‌లో టచ్ బటన్లని జనం తిట్టిన తిట్లు ఫలించాయి. ఏసీకి మాత్రం ఇంకా స్క్రీన్ కిందున్న ఆ టచ్ పట్టీయే. గుంతల రోడ్డులో వేలు ఒకచోట పెడితే ఇంకోచోట తగులుతుంది.

స్టీరింగ్_సిరి | విశాఖపట్నం

శుభాకాంక్షలు! నాది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245, 2020లో 200 తెచ్చారే, అందులోది. ఇంజన్ కుటుంబం ఒకటే. ఒక్క ప్రశ్న అండి. తడి రోడ్డు మీద మలుపులోంచి బయటకొస్తూ గట్టిగా తొక్కితే స్టీరింగ్ చేతిలో గుంజుకుంటోందా? నా బండిలో డిఫరెన్షియల్ లాక్ (ముందు రెండు చక్రాల మధ్య టార్క్ సర్దేది) ఉన్నా అరకు ఘాట్‌లో వర్షం పడ్డప్పుడు కొంచెం తెలుస్తుంది. అనంతగిరి దాటాక కాఫీ తోటల దగ్గర ఆ మెలికల్లో ముఖ్యంగా.

ఆటోనగర్_అన్న | విజయవాడ

ఆగండాగండి. అప్పుడే గట్టిగా తొక్కడం ఏంటి? తమ్ముడూ, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?

కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకి సర్దుకోవాలి, రన్నింగ్-ఇన్ అంటే అదే. దానికి కొంచెం ఒత్తిడి కావాలి, అలాగని వేడి మితిమీరకూడదు. అందుకే రెండు వైపులా తప్పు చేసేవాళ్లు నా షెడ్‌కి వస్తుంటారు. ఒకళ్లు మొదటి రోజే లాంచ్ కంట్రోల్ (ఆగినచోటి నుంచి పూర్తి బలంతో దూకించే సెట్టింగ్) చూపిస్తారు. ఇంకొకళ్లు పసిపిల్లాణ్ణి మోసినట్టు వెయ్యి కిలోమీటర్లూ పదిహేను వందల ఆర్‌పీఎంలోనే ఈడుస్తారు. రెండూ వద్దు. ఫోక్స్‌వ్యాగన్ పుస్తకంలో ఉన్నది తేలిక మాటే. మొదటి 1,000 కిలోమీటర్లు ఫుల్ థ్రాటిల్ వద్దు, గరిష్ఠ ఆర్‌పీఎంలో మూడింట రెండు వంతులు దాటకు. తర్వాత 1,500 దాకా కొంచెం కొంచెంగా పెంచు. అంతే.

పుస్తకంలో లేనివి నేను చెప్తా. హైవే ఎక్కి క్రూయిజ్ కంట్రోల్ వంద మీద పెట్టి వదిలేయకు. వేగం మారుతుండాలి. ఎనభై, వంద, మళ్లీ ఎనభై. యాక్సిలరేటర్ వదిలి ఇంజన్ బ్రేకింగ్‌తో దిగనివ్వు. పొద్దున స్టార్ట్ చేశాక నీళ్ల వేడి ముల్లు మధ్యకి రాగానే ఆయిల్ కూడా వేడెక్కిందనుకోకు, దానికింకా టైం పడుతుంది. ఆయిల్ టెంపరేచర్ స్క్రీన్‌లో చూపిస్తుంది, అది చూసుకో. టైర్లకీ బ్రేకులకీ కూడా సర్దుబాటు కాలం ఉంది. కొత్త టైరు మీద తయారీలో అంటిన నునుపు ఉంటుంది, కొత్త ప్యాడ్ డిస్కుకి ఇంకా అతకదు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ముందు బండికి దూరంగా ఉండు.

ఇంకోటి. ప్రతి రెండు వారాలకి ఆయిల్ లెవెల్ చూడు. నీ బండిలో ఉన్న ఈఏ888 ఇంజన్ కొత్తలో కాస్త ఆయిల్ తాగినా కంగారు పడకు, కానీ ఎంత తాగిందో రాసి పెట్టుకో.

కోకాపేట్_కుర్రోడు | హైదరాబాద్

అన్నా సూపర్ అన్నా. ఓఆర్ఆర్ మీద 0-100 వీడియో ఒకటి పెట్టన్నా ప్లీజ్. నార్సింగి నుంచి శంషాబాద్ వైపు పొద్దున నాలుగింటికి ఖాళీగా ఉంటుంది. టాప్ స్పీడ్ 250 అంట కదా, ఒక్కసారి చూద్దాం.

గేర్‌లీవర్ | హైదరాబాద్

@కోకాపేట్_కుర్రోడు పెట్టను తమ్ముడూ. ఓఆర్ఆర్ మీద కుడి వైపు రెండు లైన్లకి 120, మిగతా రెండింటికి 80. ఖాళీగా కనిపించే ఆ రోడ్డు మీదే లైట్లు లేని లారీ పక్కన ఆపి ఉంటుంది. తెల్లవారుజామున దాని వెనక దూరిన కార్ల ఫోటోలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. కంపెనీ చెప్పింది 5.9 సెకన్లు, నమ్మేసెయ్.

అంత ఇదిగా ఉంటే చెన్నై ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్దాం. కోయంబత్తూరులో కరి ఉంది. అలాంటి ట్రాక్‌కి అంత దూరం వెళ్లాల్సి రావడమే నా అసలు బాధ. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. అయిపోగానే అది మళ్లీ మామూలు రోడ్డే.

@ఆటోనగర్_అన్న నోట్ చేసుకున్నా అన్నా. వెయ్యి దగ్గర పడుతోంది. మీరన్నట్టే శంకర్‌పల్లి వైపు వేగం మారుస్తూ తిప్పుతున్నా.

వోల్ఫ్స్‌బర్గ్_బాబాయ్ | జర్మనీ

ఈ చర్చ చూసి ఆగలేకపోయా. నేను నా గోల్ఫ్‌ని ఆటోస్టాట్‌లో తీసుకున్నా, అంటే ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు కొత్త కార్లు అప్పగించే చోటు, ఫ్యాక్టరీ పక్కనే. రెండు గాజు టవర్లుంటాయి, ఒక్కోటి 48 మీటర్ల ఎత్తు, ఒక్కోదాంట్లో 400 కార్లు. రోబో లిఫ్ట్ మీ బండిని పైనుంచి దించుకొస్తుంది. బోర్డు మీద మీ పేరు, టైం పడతాయి, తలుపు తెరుచుకుంటుంది, బండి మీ ముందుకొస్తుంది. నిమ్మకాయలు నేనే ఇంటి నుంచి పట్టుకెళ్లా. అక్కడి ఉద్యోగిని ఇవెందుకని అడిగితే టైర్ల కిందికని చెప్పా. ఇంకేం అడగలేదు పాపం.

ఇక్కడ జీటీఐ రేటు 45 వేల యూరోల పైమాటే. దాన్నిబట్టి మీ మీద పడిన సుంకం లెక్కేసుకోండి. ఆటోబాన్ గురించి కలలు కనేవాళ్లకి ఒక మాట. లిమిట్ లేని చోట కూడా 130 దాటొద్దని సలహా ఉంటుంది. అంతకు మించిన వేగంలో ఏదన్నా అయితే తప్పు మీదే కాకపోయినా బాధ్యతలో వాటా పడొచ్చు. ఏ2 మీద ట్రాఫిక్, రోడ్డు పనులు చూస్తే మీ ఓఆర్ఆరే నయం. రెండు వందలు నిలకడగా తొక్కే అవకాశం నాకు నెలకోసారి కూడా రాదు.

గేర్‌లీవర్ | హైదరాబాద్

1,500 దాటింది. ఆదివారం చీకటితోనే బయల్దేరి వికారాబాద్ అనంతగిరి వెళ్లొచ్చా. (@స్టీరింగ్_సిరి, ఇది మా అనంతగిరి అండి, మూసీ పుట్టే చోటు. మీ అరకు దారిలోది వేరు.)

చేవెళ్ల దారిలో మర్రిచెట్ల మధ్య వేగం గురించి మర్చిపోవాల్సిందే. రోడ్డు ఇరుకు, ఎదురుగా కంకర టిప్పర్లు. కానీ బండిని అర్థం చేసుకోవడానికి ఆ రోడ్డే మంచిదనిపించింది. టిప్పర్ దాటాలంటే ఖాళీ కొంచెమే దొరుకుతుంది. ఎడమ ప్యాడిల్ రెండుసార్లు నొక్కితే నాలుగో గేరు, అంతే, పక్కకొచ్చి, దాటి, లోపలికి వచ్చేస్తాం. నా పాత బండిలో ఇదే పనికి ముందు దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి.

ఘాట్ చిన్నదే. కింద రెండు మలుపులు మామూలుగా వెళ్లి, బ్రేకులు, టైర్లు వేడెక్కాక స్పోర్ట్‌లో పెట్టా. ఒక మలుపు గురించి వివరంగా చెప్తా. ఎడమకి తిరిగి, సగంలో ఇంకా బిగుసుకునే మలుపు. ఇలాంటి చోట ముందు చక్రాల డ్రైవ్ బండిలో యాక్సిలరేటర్ తొక్కితే ముక్కు బయటికి పోవాలి. కాలు తీసి, ముక్కు లోపలికి వచ్చేదాకా ఆగి, మళ్లీ తొక్కాలి. ఇందులో ఆగలేదు. మధ్యలోనే తొక్కా. అర క్షణం లోపలి చక్రం పట్టు వదలబోయినట్టు స్టీరింగ్‌లో సన్నగా తెలిసింది. వెంటనే ఎవరో ముక్కు పట్టుకుని లోపలికి లాగినట్టు బండి మలుపులోకి తిరిగింది. అదే ఆ డిఫరెన్షియల్ లాక్ పని. లోపలి చక్రం ఉత్తినే తిరగబోతే మల్టీప్లేట్ క్లచ్ బిగిసి ఆ టార్క్‌ని బయటి చక్రానికి పంపుతుంది. బ్రేకుతో చక్రాన్ని ఆపే పద్ధతికీ దీనికీ తేడా ఏంటంటే, ఇక్కడ వేగం తగ్గదు, పెరుగుతుంది. వేగం యాభై ఐదో అరవయ్యో, అంతే. @ఈఎంఐ_బాధితుడు, నేను నవ్వుతానన్నది ఇక్కడ.

సిరిగారూ, పొడి రోడ్డు మీద గుంజుడు దాదాపు లేదు. తడిలో ఇంకా నడపలేదు. ఇందులో ఆ లాక్‌నీ, బ్రేకులతో చేసే ఎక్స్‌డీఎస్‌నీ కలిపి ఒకే కంప్యూటర్ చూసుకుంటుందట. మీ ఆర్‌ఎస్‌కీ దీనికీ తేడా ఉంటే అక్కడే ఉండాలి.

నచ్చనివి కూడా చెప్పాలి. స్పోర్ట్‌లో వినిపించే శబ్దంలో కొంత స్పీకర్ల పుణ్యమే, తెలిసిపోతుంది. కస్టమ్ మోడ్‌లో దాన్ని తగ్గించుకున్నా. లేన్ అసిస్ట్ అయితే మన రోడ్లకి పనికిరాదు. చెరిగిపోయిన తెల్లగీత, దాని పక్కన తారు అతుకు, ఏది గీతో దానికే తెలీదు. గుంత తప్పించబోతే స్టీరింగ్ వెనక్కి లాగింది. ఎక్కగానే ఆపేస్తున్నా. పైన గుడి దగ్గర ఆపితే కోతులు వచ్చి వైపర్ రబ్బర్ మీద కూర్చున్నాయి, ఆ టెన్షన్‌తో టీ కూడా సరిగా తాగలేదు.

పెట్రోల్ గురించి అడిగేవాళ్లకి: 95 ఆక్టేన్ పోస్తున్నా. ఊళ్లో ఎనిమిది, తొమ్మిది ఇస్తోంది. మెల్లగా హైవే మీద వెళ్తే పదమూడు. ఘాట్‌లో ఎంతో నేను చూడలేదు, మీరు అడగొద్దు.

ఈఎంఐ_బాధితుడు | సికింద్రాబాద్

సరే, అరవైలో నవ్వించే బండికి అరవై ఐదు లక్షలు. కిలోమీటర్‌కి లక్ష పైనే పడింది. 😀 రాసింది బాగుంది బ్రో. కానీ టైరు పగిలితే?

స్టీరింగ్_సిరి | విశాఖపట్నం

@ఈఎంఐ_బాధితుడు మంచి ప్రశ్నే. నాకు రెండేళ్ల కిందట సైడ్‌వాల్ ఉబ్బింది, తగరపువలస దగ్గర హైవే మీద గుంత. ఉబ్బిన టైరుకి రిపేర్ ఉండదు, మార్చాల్సిందే. 225/40 ఆర్18 సైజు కాబట్టి బజార్లో దొరుకుతుంది, అది మేలు. పాలసీలో జీరో డిప్‌ (క్లెయిమ్‌లో తరుగు కోయని కవర్)తో పాటు టైర్ ప్రొటెక్షన్, ఇన్వాయిస్ కవర్ ఉన్నాయా చూసుకోండి గేర్‌లీవర్ గారూ. దిగుమతి బండికి బంపర్ రావడానికి వారాలు పట్టొచ్చు, అందుకని ముందు పార్కింగ్ చోట కాలిబాట ఎత్తు కూడా చూసుకుని ఆపండి.

తడిలో నడిపాక తప్పకుండా రాయండి. తొలకరి తర్వాత లంబసింగి వైపు ప్లాన్ చేద్దాం, బెజవాడ పోలో గారిని కూడా లాక్కొద్దాం.

బెజవాడ_పోలో | విజయవాడ

వస్తా. మూడు తలుపులే కాబట్టి వెనక సీట్లో ఎవర్నీ ఎక్కించుకోను, ముందే చెప్తున్నా.

గేర్‌లీవర్ | హైదరాబాద్

టైర్ కవర్ ఉంది సిరిగారూ, ఇన్వాయిస్ కవర్ కూడా తీసుకున్నా. @ఆటోనగర్_అన్న, ఒక డౌట్. రన్నింగ్-ఇన్ అయిపోయింది కదా, ఇప్పుడే ఆయిల్ మార్పించనా, ఏడాది సర్వీస్ దాకా ఆగనా? షోరూమ్‌లో అక్కర్లేదంటున్నారు.

ఆటోనగర్_అన్న | విజయవాడ

కంపెనీ లెక్కలో అక్కర్లేదు, వాళ్లన్నది అబద్ధం కాదు. నా బండైతే మార్పిస్తా. ఇంజన్ సర్దుకునేటప్పుడు రాలిన లోహపు పొడి కొంత ఆయిల్‌లోకి వస్తుంది, ఫిల్టర్ చాలావరకు పడుతుంది, మిగిలింది అందులోనే తిరుగుతుంటుంది. డబ్బు పెద్దగా కాదు కాబట్టి మనశ్శాంతి కోసం చేయించు. కానీ బయట షెడ్‌లో వద్దు, వారంటీ ఉన్నన్నాళ్లూ వాళ్ల దగ్గరే. నీ పుస్తకంలో ఉన్న ఆయిల్ స్పెసిఫికేషనే పోశారని బిల్లు మీద నంబరుతో సహా రాయించుకో, పాత ఫిల్టర్ నీ ముందే విప్పమను.